పంటు మీద తీసిన డాక్యుమెంటరీని ఫెస్టివల్‌కి పంపే ముందు

ప్రశ్న: మాది సఖినేటిపల్లి. మనుషుల్నీ బళ్లనీ గోదారి దాటించి నరసాపురం చేర్చే పంటు (పెద్ద పడవ) మీద, ఆ రేవును నమ్ముకుని బతికే మనుషుల మీద రెండేళ్లు తిరిగి ఒక డాక్యుమెంటరీ తీశాను. నిడివి 47 నిమిషాలు. ఇంటర్నేషనల్ ఫిలిం ఫెస్టివల్‌లో వేయించాలని కోరిక. ఎక్కడికి, ఎలా పంపాలి? సినిమా లింకు పంపుతున్నాను. ఈలోగా యూట్యూబ్‌లో పెట్టేయమని, అందులోని మంచు సీను కుదించమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇంగ్లీషు వాయిస్ ఓవర్ లేకపోతే బయటివాళ్లు తీసుకోరని ఇంకొకాయన చెప్పాడు. నిజమేనా?

జవాబు:

ముందుగా ఒక మాట. యూట్యూబ్‌లో పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే ఈరోజే ప్రైవేట్ చేసేయండి. కారణం కింద చెబుతాను.

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. పదహారేళ్లుగా డాక్యుమెంటరీలకు ఎడిటింగ్, సబ్‌టైటిల్స్ చేస్తున్నాను. రెండుసార్లు ఫెస్టివల్ వాళ్ల కోసం తొలి వడపోతలో కూర్చుని వచ్చిన సినిమాలన్నీ చూశాను. అందుకే మీ లింకు కూడా రెండు రకాలుగా చూశాను. ఒకసారి ఫోన్‌లో, ఇంకోసారి రాత్రి లైట్లు ఆపి గోడ మీద ప్రొజెక్టర్ వేసుకుని.

ఫోన్‌లో చూస్తున్నప్పుడు 19వ నిమిషంలో వచ్చే మంచు సీను దగ్గర నా వేలు ముందుకు జరపడానికి తెర మీదకి వెళ్లింది. గోడ మీద చూసినప్పుడు అదే సీను దగ్గర ఊపిరి బిగబట్టాను. పంటు నడి గోదాట్లో ఉంది, చుట్టూ తెల్లగా మంచు, ఒడ్డు ఎటుందో తెలియదు. పంటు నడిపే సరంగు ఇంజిన్ ఆపించాడు. ఎవరూ మాట్లాడరు. పాలక్యాన్ల మనిషి, స్కూలు పిల్లలు, బైకు మీద కూర్చున్న మొగుడూ పెళ్లాం, అందరూ చెవులు రిక్కించి అవతలి రేవులో ఆటో హారన్ కోసం వింటున్నారు. యాభై సెకన్లు. నీళ్లు ఇనుప అంచును తట్టే చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఎక్కడో ఎడమవైపు సన్నగా హారన్. సరంగు ఆ వైపు తల తిప్పాడు, అంతే.

ఆ సీనును 15 సెకన్లకు కుదించమని మీ ఫ్రెండ్స్ అన్నారట. ఫోన్‌లో చూసేవాళ్లకు వాళ్ల మాట సరైనదే. కానీ ఫెస్టివల్ హాల్లో రెండు వందల మంది చీకట్లో కూర్చుని ఫోన్లు జేబులో పెట్టుకుని చూస్తారు. అక్కడ ఆ యాభై సెకన్లే మీ సినిమా. ఏ ఊరివాళ్లో, ఏ దేశంవాళ్లో, మన గోదారి పాయ వశిష్ఠ మధ్యలో మంచులో ఆగిపోయి మీ పాసింజర్లతో పాటు హారన్ కోసం వింటారు. నేను ఇకపై చెప్పేదంతా ఆ హాలును దృష్టిలో పెట్టుకునే. సర్టిఫికెట్ కోసమో, పోస్టర్ మీద వేసుకునే అవార్డు ఆకుల బొమ్మల కోసమో అయితే ఇంత కష్టపడక్కర్లేదు.

ఇక యూట్యూబ్ సంగతి. పెద్ద ఫెస్టివల్స్ పోటీ విభాగాల్లో ప్రీమియర్ అడుగుతాయి. ప్రపంచంలో మొదటి ప్రదర్శన తమ దగ్గరే జరగాలని కొందరు, సొంత దేశం దాటి మొదటిసారి తమ దగ్గర వేయాలని కొందరు. నెట్‌లో అందరికీ కనిపించే సినిమాకు ఆ రెండూ పోయినట్టే. నా మొదటి సినిమాకు నేను చేసిన పొరపాటు ఇదే. చుట్టాలు చూస్తారని నాలుగు రోజులు పబ్లిక్‌గా ఉంచాను. తర్వాత ఒక విదేశీ ఫెస్టివల్ నుంచి మెయిల్ వచ్చింది, సినిమా నచ్చింది, ఆన్‌లైన్‌లో వచ్చిందా అని. ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పించారు. ఆ నాలుగు రోజుల్లో చూసింది 212 మంది. ఆ అంకె ఇప్పటికీ గుర్తుంది. లింకు ఎప్పుడూ పాస్‌వర్డ్‌తో ఉంచండి, ఏడాది దాకా ఆ పాస్‌వర్డ్ మార్చకండి. వడపోతలో కూర్చున్నప్పుడు తెరుచుకోని లింకులు చాలా చూశాను. వాటి కోసం ఎవరూ ఫోన్ చేసి అడగరు.

ఎక్కడికి పంపాలనేది మీ 47 నిమిషాల మీద ఆధారపడి ఉంటుంది. ఈ నిడివి కొంచెం ఇబ్బందికరం. ఆస్కార్ వాళ్ల లెక్కలో తెర మీద పడే పేర్లతో సహా 40 నిమిషాలు దాటితే పొట్టి డాక్యుమెంటరీ కాదు. తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ 2008 నుంచి జరిపే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిలిం ఫెస్టివల్‌లో కూడా 40 దగ్గరే గీత, అంటే మీది అక్కడ లాంగ్ డాక్యుమెంటరీ. గంటన్నర సినిమాలతో పోటీ పడాలి. ముంబయి ఫెస్టివల్‌లో చాలాకాలం గీత 60 దగ్గర ఉండేది, ఆ లెక్కన అక్కడ మీది పొట్టి వాటిలో పెద్దది; ఇప్పటి నిబంధన మాత్రం పంపే ముందు చూసుకోండి. కొన్ని విదేశీ ఫెస్టివల్స్‌లో మధ్యస్థ నిడివికి ప్రత్యేకంగా చోటుంటుంది, చాలావాటిలో ఉండదు. అలాగని 39కి కోసేయమని చెప్పను. మీ సినిమాలో కోయగలిగింది నాకు కనిపించింది ఐదు నిమిషాలే. డ్రోన్ షాట్లు మూడుసార్లు వస్తున్నాయి, ఒకటి చాలు. పై నుంచి చూస్తే గోదారి అందరి వీడియోల్లోనూ ఒకేలా ఉంటుంది. మీ బలం కిందుంది, పంటు చెక్కల మీద. 42 అయినా 47 అయినా ఒకే విభాగంలో పడతారు కాబట్టి సినిమాకు ఏది మంచిదో అదే చేయండి.

నా సలహా, ముందు ముంబయి, తిరువనంతపురం. ముంబయి ఇంటర్నేషనల్ ఫిలిం ఫెస్టివల్ పేరు వింటే కథాచిత్రాల పండగనుకుంటారు కానీ, అది డాక్యుమెంటరీలు, పొట్టి సినిమాలు, యానిమేషన్ కోసం 1990లో మొదలైంది. రెండేళ్లకోసారి జరుగుతుంది. చాలాకాలం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిలింస్ డివిజన్ నడిపింది. 2022లో ఆ సంస్థ ఎన్ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) కలిసిపోయింది. 18వది 2024 జూన్‌లో జరిగింది. గోవాలో జరిగే ఇఫీకి (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం) పంపాలనుకుంటే, అక్కడ మన దేశ సినిమాలు వేసే ఇండియన్ పనోరమాలో డాక్యుమెంటరీల్లాంటి వాటికి నాన్ ఫీచర్ విభాగం ఉంది. విదేశాల్లో డాక్యుమెంటరీలకు అన్నిటికన్నా పెద్దది ఆమ్‌స్టర్‌డామ్‌లో 1988 నుంచి ఏటా నవంబరులో జరిగే ఇడ్ఫా. జపాన్‌లో యమగాటా 1989లో మొదలై రెండేళ్లకోసారి జరుగుతోంది. మీ మంచు సీను లాంటి వాటిని ఓపిగ్గా చూసే ప్రేక్షకులు ఉన్న చోటు అది. వీటికి పంపొద్దని అనను, కానీ వాటి జవాబు కోసం ఏడాదంతా చేతులు కట్టుకుని కూర్చోకండి.

మన రేవు గురించి వాళ్లకెందుకు అనే సందేహం పెట్టుకోవద్దు. ఢిల్లీలో గాయపడిన గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల మీద తీసిన 'ఆల్ దట్ బ్రీద్స్'కి 2022లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో ప్రపంచ డాక్యుమెంటరీ విభాగం జ్యూరీ బహుమతి వచ్చింది, అదే ఏడాది కేన్స్‌లో డాక్యుమెంటరీలకిచ్చే బహుమతీ వచ్చింది. ఒక ఇల్లు, ఒక డాబా, ఇద్దరు మనుషులు. మన భాషలోనే చూడాలంటే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దళిత రైతు మహిళలు కెమెరా నేర్చుకుని తమ పంటల మీద, విత్తనాల మీద తామే సినిమాలు తీశారు. చోటు చిన్నదైతే నష్టం లేదు, దగ్గరగా చూశారా లేదా అన్నదే లెక్క.

ఒక హెచ్చరిక. ఫెస్టివల్స్‌కి సినిమాలు పంపే ఫిలింఫ్రీవే లాంటి సైట్లలో నెలనెలా అవార్డులిచ్చే 'ఇంటర్నేషనల్' పేర్లు కుప్పలుగా ఉంటాయి. హాలు ఉండదు, ప్రేక్షకులు ఉండరు. డాలర్లలో ఫీజు కడితే వారంలో బహుమతి వచ్చిందని మెయిల్ వస్తుంది. ఫీజు కట్టే ముందు ఒక్కటి చూడండి. పోయినేడు ఏ హాల్లో, ఏ రోజు, ఎన్ని గంటలకు ఏ సినిమా వేశారో షెడ్యూల్ దొరుకుతుందా? దొరక్కపోతే వదిలేయండి. నిజమైన ఫెస్టివల్స్‌లో కూడా ఫీజు మాఫీ చేయమని మర్యాదగా రెండు లైన్ల మెయిల్ పెడితే చాలామంది ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు అసలు పని, సబ్‌టైటిల్స్. వాయిస్ ఓవర్ అక్కర్లేదు. ఇంగ్లీషు గొంతు పైన పడితే సరంగు గారి గొంతు చచ్చిపోతుంది. మీ సినిమాను బయటి మనిషికి చేర్చేది సబ్‌టైటిలే, మీరు దాన్ని సాఫ్ట్‌వేర్‌కి వదిలేశారు. అది ఎంత నష్టం చేసిందో చూడండి. రేవు కుర్రాడు 'ఈసారి రేవు పాట బాగా పైకెళ్లిపోయిందండి, పాట పాడినాయన మా కూలిలో కోసుకుంటన్నాడు' అన్నాడు. కింద ఇంగ్లీషులో పాటను 'సాంగ్' అని, పాడినాయన్ని 'సింగర్' అని వేసింది. వేలం అనే సంగతే ఎగిరిపోయింది. పంటు నడిపే హక్కు వేలంలో పాడుకోవడం, పాడుకున్న డబ్బు టికెట్ల నుంచీ కూలీల నుంచీ రాబట్టుకోవడం మీ సినిమాకు వెన్నెముక. అది తెలియకపోతే ఆ కుర్రాడి కోపం ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఇంకోచోట సరంగు 'పాటు మీదుందండి, పోటు తగిలేదాకా ఆగాలి' అంటాడు. మీరు టైడ్ అనే మాట పెట్టారు. తప్పు కాదు. కానీ నదికి పోటూ పాటూ ఉంటాయని, సముద్రం అంతర్వేది దగ్గరే ఉందని చూసేవాడికి తెలియదు. 'సముద్రం నీళ్లు పైకి వచ్చేదాకా ఆగాలి' అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాయండి. ఒక్క లైన్లో మన డెల్టా భూగోళం మొత్తం చెప్పినట్టవుతుంది, ఇసుక మేటకు పంటు ఎందుకు తగులుతుందో కూడా.

ఆ తర్వాత 'ఆయ్'. ఆయన ప్రతి మాటకూ ఆయ్ అంటాడు, మీరు ప్రతిసారీ 'యెస్ సర్' అని రాశారు. దాంతో ఆయన ఎవరికో భయపడుతున్న మనిషిలా కనిపిస్తున్నాడు. మన దగ్గర ఆయ్ అంటే విన్నానని, మీ మాట మీద గౌరవముందని. పడవ నడిపేవాడూ అంటాడు, పదెకరాల రైతూ అంటాడు. దాన్ని అనువదించకండి, వదిలేయండి. ఆ గొంతులోని మెత్తదనం భాష రానివాడికీ వినబడుతుంది. సబ్‌టైటిల్ పని చేసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఏది రాయకూడదో.

లెక్కల విషయానికి వస్తే, ఒకసారికి రెండు లైన్లు మించకూడదు, లైనుకు 40 అక్షరాల లోపు. షాటు మారేచోట అక్షరాలు కూడా మారితే కంటికి హాయిగా ఉంటుంది. తెల్ల అక్షరాలకు సన్నని నల్ల అంచు ఇవ్వండి, మీ మంచు సీను ముందు వెనక మాటలు తెల్లటి తెర మీద కనబడట్లేదు.

28వ నిమిషంలో బెంచీ మీద పడుకున్న కుర్రాడి ఫోన్‌లో సినిమా పాట వస్తోంది. అందమైన సీను. కానీ ఆ పాట హక్కులు మీ దగ్గర లేవు. ఫారం నింపేటప్పుడు అన్ని హక్కులూ ఉన్నాయని మీరు సంతకం పెట్టాలి. షాటు ఉంచుకోండి, పాట తీసేసి రేవు శబ్దం వేయండి. లేదా మీ ఊళ్లో పాడేవాళ్లు ఎవరైనా ఉంటే, తమ సొంత పాట పాడితే రికార్డు చేసి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

సౌండ్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. డీజిల్ ఇంజిన్ పక్కన తీసిన మూడు ఇంటర్వ్యూలు హాల్లో వినబడవు. అక్కడి స్పీకర్లు ఆ గుర్రుగుర్రును రెట్టింపు చేస్తాయి. ఆ ముగ్గురినీ సాయంత్రం ఏటిగట్టు మీద కూర్చోబెట్టి మళ్లీ మాట్లాడించండి, గొంతు మాత్రం వాడుకుని బొమ్మ పాతదే ఉంచవచ్చు. వెళ్లినప్పుడు ఏ మాటా లేకుండా ఐదు నిమిషాలు ఉత్త రేవు చప్పుడు రికార్డు చేసి తెచ్చుకోండి. ఎడిటింగ్‌లో దానంత పనికొచ్చేది ఇంకోటి ఉండదు.

ఫోన్‌తో తీసిన ఫుటేజీకి ఒక జబ్బు ఉంటుంది. ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు, పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంది. ఎడిట్‌కి ముందే అన్నీ ఒకే వేగానికి మార్చుకోవాలి. మీ సినిమా సెకనుకు 25 ఫ్రేములు. ఫెస్టివల్‌కి డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌లో వేసే డిజిటల్ కాపీ) చేసేటప్పుడు ఎవరైనా దాన్ని 24కి సాగదీసి, సబ్‌టైటిల్ ఫైలు మాత్రం పాతదే ఇస్తే, 47వ నిమిషానికి మాటకూ అక్షరానికీ దాదాపు 2 నిమిషాల తేడా వస్తుంది. నేను పనిచేసిన ఒక సినిమాకు సరిగ్గా ఇలాగే జరిగింది. తెర మీద తల్లి కొడుకు చావు గురించి చెబుతుంటే కింద ఆ తర్వాతి సీన్లోని కూరగాయల బేరం వచ్చింది. హాల్లో కొందరు నవ్వారు. ఆమె ముఖం మీద ఆ నవ్వు పడటం నేను వెనక వరసలో కూర్చుని చూశాను. అప్పటి నుంచి నా చేతి మీదుగా వెళ్లే ప్రతి డీసీపీనీ మొదటి నుంచి చివరి దాకా ఒక హాల్లో వేసి చూడనిదే పంపను. డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీరే చేసుకోవచ్చు. మీకు దగ్గర్లో డీసీపీ వేయగల థియేటర్ ఉంటే, మార్నింగ్ షోకి ముందు గంటసేపు ఇమ్మని మేనేజర్ని అడగండి. అభిమానంగా అడిగితే మన వైపు కాదనేవాళ్లు తక్కువ.

వంతెన కోసం జనం నాయకులను తిట్టిన సీన్లున్నాయి కదా, సెన్సార్ అడ్డం వస్తుందా అని టెన్షన్ పడకండి. మన దేశంలో ఫెస్టివల్స్‌లో వేసే సినిమాలకు సర్టిఫికెట్ నుంచి కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది, ఆ దరఖాస్తు ఫెస్టివల్ వాళ్లే చూసుకుంటారు. 2004 ముంబయి ఫెస్టివల్‌కి ముందు, సెన్సార్ అయిన భారతీయ సినిమాలనే తీసుకుంటామని నిబంధన పెట్టారు. డాక్యుమెంటరీ దర్శకులు ఏకమై ఎదిరిస్తే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది ఎంపిక కాని సినిమాలతో 'వికల్ప్' అని పక్కనే వేరే పండగ జరిపారు. మినహాయింపు ఇవ్వని సందర్భాలూ ఉన్నాయి, అది వచ్చినప్పుడు చూసుకుందాం. తిట్లను మాత్రం ముందుగానే మీరే కోసుకోకండి.

వీలైతే సినిమా పంపే ముందు తిరువనంతపురం ఫెస్టివల్‌కి డెలిగేట్‌గా, అంటే పాస్ తీసుకుని సినిమాలు చూసే ప్రేక్షకుడిగా వెళ్లండి. రాజమండ్రిలో రైలెక్కితే మర్నాటికి అక్కడ ఉంటారు. కైరలి, శ్రీ, నిళ థియేటర్ల మెట్ల మీద కూర్చుంటే చాలు, సినిమా తీసినవాళ్లూ చూసినవాళ్లూ అక్కడే టీ తాగుతూ మాట్లాడుకుంటారు. రోజుకు నాలుగైదు డాక్యుమెంటరీలు చూడండి. మూడో రోజుకు మీ సినిమాలో ఎక్కడ ఎక్కువైందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చివరిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. పాట పాడినాయన మీద మాట్లాడిన కుర్రాడి ముఖం మీరు పూర్తిగా చూపించారు. సినిమా ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లినా, ముంబయి వెళ్లినా ఆ కుర్రాడు మర్నాడు పొద్దున్న అదే రేవుకి, అదే మనిషి దగ్గరికి కూలికి వెళ్లాలి. కెమెరా ముందు మాట్లాడినప్పుడు ఒప్పుకున్నాడు, నిజమే. పెద్ద తెర మీద తనను తాను చూసుకున్నాక కూడా ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ల మీద ఒక సినిమాకు ఎడిటింగ్ చేశాను. పంపే ముందు వాళ్ల వీధిలోనే గోడకు దుప్పటి కట్టి వేశాం. ఒక పెద్దావిడ తన చేతులు అంత పెద్దగా కనబడగానే ఒళ్లో ఉన్న చేతుల వైపు ఒకసారి చూసుకుంది, మళ్లీ తెర వైపు చూసింది. సినిమా అయ్యాక డైరెక్టర్ని పక్కకు పిలిచి, కోడలి గురించి తానన్న ఒక్క మాట తీసేయమంది. సినిమా మొత్తానికి బలమైన మాట అదే. తీసేశాం. ఆమె ఇప్పటికీ ఆ కోడలి చేతి అన్నమే తింటోంది.

మీరు కూడా రేవులోనే వేయండి. రాత్రి ఆఖరి పంటు కట్టేశాక, టికెట్ల పాక గోడ మీదైనా సరే. జనరేటర్ దూరంగా పెట్టించండి, మంచు సీనులో ఆ చప్పుడు పడకూడదు. సరంగు గారినీ ఆ కుర్రాడినీ తప్పకుండా పిలవండి, ఆ కుర్రాడికి మాత్రం ఒక రోజు ముందే విడిగా చూపించండి, నలుగురి ముందూ తొలిసారి చూసుకునే అవస్థ అతనికి రాకూడదు. ముఖం దాచమంటే దాచండి, మాట తీసేయమంటే తీసేయండి. ఆ మార్పులన్నీ అయ్యాకే డీసీపీ. ఈలోగా సబ్‌టైటిల్ ఫైలు నాకు పంపండి, పాట, పోటు, ఆయ్ వచ్చిన చోట్లన్నీ నేను కూర్చుని సరిచేసి ఇస్తాను.